కుందేలుకు మూడు కాళ్లని రాయించాలా?

బడిలో వ్యాసరచన పోటీ అనగానే మన పిల్లలకు ముగింపు ముందే సిద్ధంగా ఉంటుంది. సెల్‌ఫోన్ వల్ల మేలా కీడా అని అడిగితే ఒక పేజీ లాభాలు, ఒక పేజీ నష్టాలు, ఆఖరున ‘ఏదైనా మనం వాడుకునే తీరులోనే ఉంది’ అని ఒక వాక్యం. పల్లె బతుకు మేలా, పట్నం బతుకు మేలా అన్నా అంతే. విజ్ఞానం వరమా, శాపమా అన్నా అంతే. కలికిరిలో రాసినా కుప్పంలో రాసినా ఆ ఆఖరి వాక్యం మారదు. పిల్లవాడు ఏ గట్టునా నిలబడడు. నిలబడితే, దిద్దే సారు అవతలి గట్టు మనిషైనప్పుడు మార్కులు పోతాయని వాడి భయం. లోకం తెలిసిన భయమే అది.

పదో తరగతి తెలుగులో ఇంకో రకం ప్రశ్న ఉంటుంది: ఫలానా మాటను సమర్థిస్తూ రాయండి. అక్కడ ఏ గట్టున నిలబడాలో ప్రశ్నే చెప్పేస్తుంది. గైడులోని నాలుగు కారణాలు గుర్తుంటే చాలు. పదేళ్ల చదువులో పిల్లలకు అబ్బేవి ఈ రెండు రాతలే, ఎటూ తేల్చనిది ఒకటి, ముందే తేలిపోయింది ఒకటి. తనంతట తాను ఒక అభిప్రాయానికి వచ్చి, దానికి కారణాలు వెతుక్కుని, ఒప్పుకోని మనిషిని ఒప్పించేలా రాయడం ఈ రెంటి నడుమ ఎక్కడో జారిపోయింది.

దాన్ని పట్టుబట్టి నేర్పాలనే వాళ్లు ఉన్నారు. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో దీనికి పెద్ద చోటే ఇచ్చారు. చిన్న తరగతుల్లో సొంత అభిప్రాయం రాయిస్తారు, ఆరో తరగతి నుంచి వాదన రాయిస్తారు, ఏడుకు వచ్చేసరికి ఎదుటి వాదనను కూడా ఎత్తి చూపమంటారు. న్యూజెర్సీ లాంటి చోట్ల ఉన్న మనవాళ్లు పిల్లల హోంవర్కు చూసి, తమ బడిలో ఎన్నడూ తగలని పని ఇదేమిటా అనుకునేది ఇక్కడే. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా బట్టీ తగ్గాలి, తర్కించి ఆలోచించడం పెరగాలి అంటుంది. అయినా అసలు నేర్పడం మంచిదేనా అన్న ప్రశ్న తీరిపోలేదు. రెండు వైపులా గట్టి మనుషులున్నారు. ఆ రెండు వైపులకూ మదనపల్లెతో చుట్టరికం ఉండటం ఒక విచిత్రం.

ముందు నేర్పాలనే వైపు చూద్దాం. 1917 డిసెంబరులో మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును ఒక స్త్రీల బృందం కలిసింది. ముందు నిలిచింది సరోజినీ నాయుడు. వెనక ఉండి పని నడిపింది ఐర్లాండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. ఆమె భర్త జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చినప్పుడు జనగణమన బాణీకి స్వరలిపి రాసిన మార్గరెట్‌గానే ఈమె మనవాళ్లకు గుర్తు. ఆమె చేయించిన ఈ విన్నపం అంతగా గుర్తు లేదు. ఓటుహక్కు నియమాలు రాసేటప్పుడు ప్రజల లెక్కలో ఆడవాళ్లనూ చేర్చమన్నది దాని సారం. ఆ నియమాలు తేల్చడానికి వేసిన సౌత్‌బరో కమిటీ కాదంది. వీళ్లు ఊరుకోలేదు. మళ్లీ రాశారు, సభలు పెట్టారు, లండన్ దాకా వెళ్లి అడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి, దేశంలోని రాష్ట్రాలన్నిటికంటే ముందు, ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. ఆస్తి ఉన్నవాళ్లకే లెండి. అయినా మదనపల్లెలో కొందరు తల్లుల పేర్లు ఓటర్ల జాబితాకెక్కే వీలు కలిగింది కాగితం మీద పొందికగా పెట్టిన వాదన వల్ల. తుపాకీ పట్టినవాళ్లు ఎవరూ లేరు అందులో.

ఇది పాత కథ అనుకోనక్కర్లేదు. ఇప్పటికీ సోమవారం వస్తే కలెక్టరేటులో, మండల ఆఫీసుల్లో అర్జీలు తీసుకుంటారు. వరసలో నిలబడే మనిషి ఒకరు, అర్జీ రాసిచ్చేది చాలాసార్లు ఇంకొకరు. బయట బల్ల వేసుకుని కూర్చున్నాయన డబ్బు పుచ్చుకుని, ఏ కష్టానికైనా ఒకే వరసలో ‘అయ్యా, నేను కడుబీదను’ అని మొదలుపెడతాడు. సర్వే నంబరేది, ఏ తేదీన ఏం జరిగింది, నియమం ఏమంటోంది, నాకు కావలసిందేమిటి అన్న నాలుగు సంగతులు అందులో వెతికితే దొరకవు. పది పాసైన కూతురు ఇంట్లో ఉండగా తల్లి ఆ బల్ల దగ్గరకు పోవలసి రావడం చదువు మీద పెద్ద ఫిర్యాదే. ఒప్పించేలా రాయడం రాని బీదవాడి తరఫున వేరెవరో మాట్లాడుతూనే ఉంటారు. డబ్బున్న బడుల పిల్లలు డిబేట్లంటూ ఎలాగూ దీన్ని నేర్చుకుంటారు. సర్కారు బడి నేర్పడం మానేస్తే ఎవరికి నష్టమో వేరే చెప్పాలా?

కలికిరి సంగతే తీసుకోండి. 2014లో అక్కడ సైనిక్ స్కూల్ వచ్చింది, విజయనగరం దగ్గరి కోరుకొండ తర్వాత మన రాష్ట్రంలో రెండోది. జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ అంతకు ఏడాది ముందు వచ్చింది. సైన్యంలో అధికారి కావాలంటే ఎస్‌ఎస్‌బీ ఎంపికలో గుంపు చర్చలో మాట నెగ్గించుకోవాలి, ఇచ్చిన అంశం మీద మూడు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. గ్రూప్ 1 మెయిన్స్‌లో వ్యాసానికి ఒక పేపరే ఉంది. అక్కడిదాకా పిల్లవాణ్ని నడిపించే పోటీ పరీక్షలు చాలావరకు గుండ్రాలు నింపేవి. ఏళ్ల తరబడి గుండ్రాలు నింపించి, ఒక్కసారిగా నీ అభిప్రాయం చెప్పమంటే ఏం చెబుతాడు? సెల్‌ఫోన్ వ్యాసంలోని ఆఖరి వాక్యమే చెబుతాడు.

ఇక వద్దనే వైపు. 1915లో మదనపల్లె కళాశాలకు ప్రాణం పోసిన అనీబిసెంట్ ఆ కాలపు గొప్ప వక్తల్లో ఒకరు. వేదిక ఎక్కితే జనాన్ని తన వైపు తిప్పుకునేవారు. ఆమె చేరదీసి పెంచిన జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఆ మదనపల్లెలోనే. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి పెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను ఆయనే రద్దు చేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఆయన చెబుతూ వచ్చిన మాటల సారం ఏమిటంటే, మిమ్మల్ని ఒప్పించడానికి నేను రాలేదు, నా మాట ఒప్పుకోవద్దు, తోసిపుచ్చనూవద్దు, మీరే చూసుకోండి అని. ఒకరినొకరు తమ వైపు లాగే ప్రయత్నంలో ఇద్దరూ చూడటం మానేస్తారన్నది ఆయన అభ్యంతరం. ఆయన ఆలోచనల మీద పుట్టిన రిషీవ్యాలీ బడి మదనపల్లెకు దగ్గర్లోనే ఉంది. (ఒప్పించడానికి రాలేదంటూనే ఆయన లోకమంతా ఎందరిని ఒప్పించారో చూస్తే నాకు చిన్న నవ్వు వస్తుంది. అది వేరే సంగతి.)

ఈ అభ్యంతరాన్ని తత్వం కింద కొట్టేయడానికి లేదు. కొరియా యుద్ధం నాటి ఉదంతం ఒకటి ఉంది. చైనావాళ్ల నిర్బంధంలో ఉన్న అమెరికా సైనికులకు వ్యాసరచన పోటీలు పెట్టేవారు. బహుమతి కొన్ని సిగరెట్లో కాస్త పండో. ఒక్కోసారి అమెరికాను మెచ్చుకుంటూ రాసిన వ్యాసానికి కూడా బహుమతి దక్కేది, అందులో ఎక్కడో ఒకచోట చైనా వాదనకు తలూపి ఉంటే చాలు. తర్వాతిసారి రాసేవాడు ఇంకాస్త ఎక్కువ తలూపేవాడు. ఎవరూ బలవంతపెట్టలేదు, తన చేత్తో తనే రాశాడు కాబట్టి ఆ మాట కొంచెం కొంచెంగా తనదే అయ్యేది. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ 1984 నాటి తన పుస్తకంలో దీన్ని వివరంగా చెప్పారు. పెద్ద బహుమతి ఇచ్చి ఉంటే, డబ్బు కోసం రాశానులే అని వాడు దులిపేసుకునేవాడని కూడా అంటారు. మన బడుల్లో ఫలానా పథకం మేలు మీద, ఫలానా వారోత్సవం గొప్పతనం మీద వ్యాసాలు రాయించి స్టీలు గిన్నె చేతిలో పెట్టే పద్ధతి గుర్తొచ్చి నాకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. రాసే చెయ్యి రాసేవాడి బుర్రను కూడా ఒప్పిస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించడం పిల్లవాడికి మార్కుల కోసం నేర్పితే, నాలుగో కాలు వాడికి నిజంగానే కనిపించకుండా పోవచ్చు.

ఇది మన కళ్ల ముందు జరిగింది కూడా. 2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తెలంగాణకు సరేనన్నాక రాయలసీమ, కోస్తా సమైక్యాంధ్ర ఉద్యమంతో అట్టుడికాయి. కలికిరి మండలానికే చెందిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి అప్పుడు ముఖ్యమంత్రి. నీళ్లు, కరెంటు, హైదరాబాదు ఆదాయం లెక్కలతో ఆయన విభజన వద్దని గట్టిగా వాదించారు. 2014 జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. వాదన ఒక సభలో నెగ్గింది, పని మరో సభలో జరిగిపోయింది. ఇక్కడ నాకు ముఖ్యం నాయకులు కాదు, పిల్లలు. ఆ నెలల్లో కలికిరి బడిలో వ్యాసం రాయిస్తే అది ఏ వైపు ఉండేదో, సిద్దిపేట బడిలో రాయిస్తే ఏ వైపు ఉండేదో ఎవరైనా చెప్పగలరు. ఇద్దరు పిల్లలూ చదివింది ఒకే రాష్ట్రం అచ్చేసిన వాచకాలు. రాతలో ఇద్దరికీ సమానంగా మార్కులు వెయ్యొచ్చు, కారణాలు, ఉదాహరణలు, ఆవేశం అన్నీ ఉంటాయి. అవతలి పిల్లవాడు ఎందుకు అలా రాశాడో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరాన్ని బడి కల్పించదు. ఒప్పించడం నేర్పాలనే వాళ్లు జవాబు చెప్పవలసింది ఈ ఇద్దరు పిల్లల గురించి.

నా వరకు మొగ్గు నేర్పడం వైపే. కానీ కృష్ణమూర్తి అభ్యంతరానికి లొంగి, నేర్పే తీరు మార్చుకోవాలి. మన న్యాయశాస్త్రం వాదాన్ని మూడుగా విడదీసింది: నిజం తేల్చుకోవడానికి చేసేది, గెలవడానికి చేసేది, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటిదాన్ని పడగొట్టడానికి చేసేది. మనం పోటీలు పెట్టి నేర్పేది రెండోది, టీవీ చర్చలు చూపించి నేర్పేది మూడోది. మొదటిదానికి పనికొచ్చే పాత పండితుల పద్ధతి ఒకటుంది. ఎదుటి పక్షాన్ని, అంటే పూర్వపక్షాన్ని, దాని బలంతో సహా ముందు చెప్పాలి. దానికి నేనొకటి చేరుస్తాను: చెప్పింది విని ఎదుటివాడు ‘అవును, నేనన్నది అదే’ అనాలి. అప్పటిగ్గానీ జవాబు చెప్పే హక్కు రాదు. పూర్వపక్షం రాయడం వచ్చిన పిల్లవాడికి కుందేలు కాళ్లు లెక్కపెట్టడమూ వస్తుందని నా నమ్మకం.

ఇది ఎలా ఉంటుందో హంద్రీ-నీవా కాలువ మీద చూడొచ్చు. శ్రీశైలం జలాశయం వెనక మాల్యాల దగ్గర నీళ్లు ఎత్తి, కర్నూలు, అనంతపురం మీదుగా మన వైపుకు తెచ్చే పథకం అది. 40 టీఎంసీలు, 6 లక్షల ఎకరాలకు పైగా అని లెక్క. పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువలు దాని చివరి కొసలు. కాలువకు సిమెంటు లైనింగ్ వెయ్యాలన్నప్పుడు ఎగువన రైతులు కొందరు అడ్డం చెప్పారు. మట్టి కాలువ గుండా నీళ్లు ఇంకితేనే తమ బోర్లలో ఊట ఉంటుంది, సిమెంటు వేస్తే కాలువ పక్కనే ఉండి ఎండబెట్టుకోవాలి అన్నది వాళ్ల మాట. ఇంకిపోతే కొసకు చేరేదెప్పుడు అన్నది మన మాట. కుప్పం పిల్లను ‘లైనింగ్ కావాలి’ అని రాయమంటే ఒక్క గుక్కలో రాస్తుంది. ఎందుకంటే ఆ నీళ్ల కోసం ఇంట్లో ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాటలు విని ఉంటుంది. ముందు ధర్మవరం వైపు రైతు పక్షం రాయి, అది చదివి ఆ రైతు తలూపాలి, తర్వాత నీ మాట రాయి అంటే అప్పుడు ఆగుతుంది. నీళ్లు ఎంత ఇంకుతాయి, ఎవరి బోరుకు ఎంత ఊట, ఎగువవాళ్లకు బదులుగా చెరువులు నింపితే సరిపోతుందా అని అడగాల్సి వస్తుంది. ఆ అడగడంలో ఆమె అభిప్రాయం మారకపోవచ్చు. మారకపోయినా ఆమె రాసేది వేరుగా ఉంటుంది.

భాష సంగతి కూడా తేల్చాలి. ఇది వందేళ్ల పాత గొడవ. 1910ల్లో మద్రాసు రాజధాని విద్యార్థులు తెలుగు కంపోజిషన్ ఏ భాషలో రాయాలన్న దాని మీద గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఒక వైపు, జయంతి రామయ్య పంతులు, పండితులు ఒక వైపు నిలిచారు. విశ్వవిద్యాలయం వేసిన కమిటీ నివేదికకు గురజాడ అసమ్మతి పత్రం 1914లో వచ్చింది; మరుసటి ఏడాది ఆయన పోయారు. అప్పటికి నెగ్గింది గ్రాంథికమే. పండితుల భయం ఉత్తది అనలేం. కట్టుబాటు లేకపోతే ఊరికో రాత వస్తుందన్నది వాళ్ల బెంగ. దానికి గిడుగు జవాబు చెప్పిన తీరు మాత్రం ఒప్పించే రాతకు పాఠం లాంటిది. ఆయన వాళ్ల గట్టు మీదికే వెళ్లారు. పాత పుస్తకాల్లో, శాసనాల్లో వాడుక రూపాలు చూపించారు, గ్రాంథికం వదలొద్దనే వాళ్ల గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించారు.

ఆ గొడవ ఇప్పుడు ఇంగ్లీషు మీడియం రూపంలో తిరిగొచ్చింది. మదనపల్లె చుట్టుపక్కల టమోటా వేసే ఇంట్లో ఈ మాటలు ఊహించుకోండి. రేటు పడిపోయింది, ఈ రోజు మండీకి పంపొద్దు అంటుంది కూతురు. ‘రేపటికి మాగిపోతే ఎవురు కొంటారు మే?’ అంటాడు తండ్రి. ‘దోరవి ఆపుదాం నాయనా, పండినవి మాత్రం తోలుదాం’ అంటుందా పిల్ల. ఎదుటి అభ్యంతరాన్ని ఒప్పుకుని, తన మాటను ఆ మేరకు తగ్గించుకుని, ఒక దారి చూపింది. కామన్ కోర్ అడిగేది ఇంతకంటే ఎక్కువేమీ కాదు. ఆ పిల్లనే మర్నాడు బడిలో ఇంగ్లీషులో వాదన రాయమంటే, నేర్చుకున్న నాలుగు ముక్కలు వరసగా పేర్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో రాయడం రావాలి, కాదనను. ఉద్యోగం అడిగేది ఆ భాషే. అయితే వాదించడం మొదట నేర్పవలసింది వాదన ఇప్పటికే వచ్చిన భాషలో. వచ్చిన విద్యను కాగితం మీదికి ఎక్కించడం, రాని భాషలో రాని విద్యను మొదలుపెట్టడం కంటే ఎంత సులువో పంతుళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

వాళ్ల ఇబ్బందులు నాకు లోకువ కాదు. కుప్పం 1989 నుంచి చంద్రబాబు నాయుడు నియోజకవర్గం. పుంగనూరులో పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి. పీలేరులో నల్లారి కుటుంబం. ఇలాంటి నేల మీద ఒక ఉపాధ్యాయుడు పిల్లల చేత కాలువ మీద వాదన రాయిస్తే, సాయంత్రానికి అది ఏ పార్టీ వ్యాసమో ఊళ్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. బదిలీ ఎక్కడికవుతుందో ఆయన ఆలోచించుకోవాలి. అందుకే సెల్‌ఫోన్ మేలా కీడా అన్నది ఇంతకాలం బతికింది. దాని మీద ఎవరికీ కోపం రాదు. పూర్వపక్షం ముందు రాయించడంలో ఈ చిక్కుకు కొంత మందు ఉంది, రెండు పక్షాలూ ఉన్న కాగితాన్ని ఒక పార్టీకి అంటగట్టడం కష్టం. పూర్తి మందు అనను.

దిద్దడం ఇంకో చిక్కు. మూల్యాంకనంలో చేతిలో ‘కీ’ ఉంటుంది. ఫలానా మూడు పాయింట్లు ఉంటే ఇన్ని మార్కులు. వాదనకు కీ రాయడం కుదరదు. నలభై పుస్తకాలు, ఒక్కోదాంట్లో ఒక్కో దారి. చదివి, ఎక్కడ కారణం తెగిందో చూసి, పక్కన ఒక మాట రాయడానికి పట్టే టైము ఎవరూ లెక్కకట్టరు. చేతిలోని ఫోనును అడిగితే నిమిషంలో అచ్చమైన వాదన రాసిచ్చే రోజులు కూడా వచ్చేశాయి. కొందరు దీన్ని చూసి, ఇక నేర్పి ఏం లాభం అంటున్నారు. నాకైతే ఇది నేర్పవలసిన చోటును మార్చిందనిపిస్తుంది. పొందికైన పేరాలు చవకైపోయాయి. ధర్మవరం రైతు నిజంగా ఏమన్నాడో, తలూపాడో లేదో కనుక్కుని రావడం ఇంకా చవక కాలేదు.

అందుకని నాకు పెద్ద సంస్కరణల మీద ఆశ తక్కువ. పదో తరగతి జోలికి ఇప్పుడే పోకుండా, ఎనిమిది, తొమ్మిది తరగతుల తెలుగు పేపర్లో ఒక్క ప్రశ్న మార్చి చూడొచ్చు. ‘సమర్థిస్తూ రాయండి’ అన్న చోట ‘దీన్ని ఒప్పుకోనివారు ఏమంటారో ముందు రాయండి, తర్వాత మీ మాట రాయండి’ అని. ఎనిమిది మార్కుల ప్రశ్నయితే నాలుగు మార్కులు మొదటి సగానికి. మొదటి ఏడాది పిల్లలు తికమకపడతారు, రెండో ఏడాది గైడులవాళ్లు రెడీమేడ్ పూర్వపక్షాలు అచ్చేసి అమ్ముతారు. అచ్చేయనివ్వండి. ఒక్కో అంశానికి అవతలి పక్షం కూడా ఉన్న గైడు ఇంతవరకు మన పిల్లల చేతికి రాలేదు. అప్పుడు ప్రశ్నలో ఊరి పేరు చేర్చవచ్చు, మీ ఊరి చెరువు మీద, మీ ఊరి మండీ మీద అని. దానికి గైడు వెయ్యడం వాళ్లకూ కష్టమే.